సోఫాకి రెండో పక్క

జులై ఒకటో తారీకు పెట్టుకుని మాంట్రియల్ రావద్దని అల్వీనా అత్తకి ఫోన్లో చిలక్కి చెప్పినట్టు చెప్పాను. వింటేనా! ఆవిడ మా నాన్నకి అక్క. మా నాన్నే బతికున్నన్నాళ్ళూ ఎవరి మాటా వినలేదు. ఇక ఆయన్ని ఎత్తుకుని పెంచిన మనిషి నా మాట వింటుందా?

"ఊరు చూడ్డానికి తారీకులేంటే మిరెయ్? ఆ రోజు ఊరు మూసేస్తారా?" అంది.

"మూసెయ్యరు అత్తా. తిరగేస్తారు."

తిరగెయ్యడమే మరి. మా ఊళ్ళో అద్దె గడువులు చాలావరకు ఆ ముందు రోజుతో అయిపోతాయి. ఈ ఇంట్లోవాళ్ళు ఆ ఇంటికి, ఆ ఇంట్లోవాళ్ళు ఇంకో ఇంటికి, అందరూ ఒక్కసారే బయల్దేరతారు. ఈ ఏర్పాటు ఏ మహానుభావుడికి తట్టిందో గానీ కనబడితే నాలుగు దులిపేద్దును. వీధి నిండా లారీలు, పేవ్‌మెంట్ల మీద పరుపులు, మెట్ల మలుపుల్లో ఇరుక్కుపోయిన ఫ్రిజ్జులు, ఆ ఫ్రిజ్జుల వెనక ఇరుక్కుపోయిన మొగుళ్ళు. ఆ రోజు నేను తలుపేసుకుని ఇంట్లో కూర్చుంటాను.

"వచ్చే ఏడు రండి. అదీ శరదృతువులో రండి, చెట్లు బాగుంటాయి," అన్నాను.

అత్త గొంతు తగ్గించి, "ఇవాళ పొద్దున్న మీ మామయ్య పడవ పేరేంటని నన్నడిగాడే," అంది. "ముప్పై ఏళ్ళు నడిపిన పడవ. దానికి నా పేరే పెట్టుకున్నాడు."

ఇంకేం మాట్లాడతాను? రమ్మన్నాను.

ఎఫ్రెం మామయ్యకి మతిమరుపు జబ్బు వచ్చి మూడేళ్ళయింది. ముందు తాళాలు, కళ్ళజోడు పోయాయి. తర్వాత నెలల పేర్లు పోయాయి. చనిపోయిన తమ్ముడు భోజనానికి ఎందుకు రాలేదని అడగడం మొదలుపెట్టాడు. ఒక్కటి మాత్రం పోలేదు. అత్త మొహం. "నన్ను గుర్తుపడతాడు. గుర్తుపట్టినన్నాళ్ళూ నాకేం దిగుల్లేదు," అనేది. ఏమైనా చెయ్యాలనుకుంటే ఈ ఏడే చేసెయ్యండని డాక్టరు చెప్పాడట. అత్త చెయ్యాలనుకున్నది ఒక్కటే. మొగుడితో కలిసి మాంట్రియల్ చూడాలి.

దానికో కథ ఉంది. పెళ్ళయిన కొత్తలో అత్త ఇక్కడ కాపురం పెడదామని పట్టుబట్టిందట. వాళ్ళుండే మాగ్దలెన్ దీవుల్లో ఏముంది, గాలీ చేపలూ తప్ప? మామయ్య ఒక చలికాలం వచ్చి మా రేవులో పనిచేశాడు. అక్కడ దీవుల్లో అత్త పెట్టె సర్దుకుని కబురు కోసం చూస్తోంది. కబురు రాలేదు, మనిషే వచ్చాడు. "ఆ ఊరి గాలిలో ఉప్పు లేదే," అన్నాడట. అంతే, ఆ మాటతో మాంట్రియల్ అయిపోయింది. సర్దిన పెట్టె మంచం కిందికి పోయింది. అత్త ఆ మాట పట్టుకుని మామయ్యని యాభై ఏళ్ళు దెప్పింది. కూరలో ఉప్పెక్కువైందంటే చాలు, "మాంట్రియల్లో అయితే ఈ బాధ లేకపోను," అనేది.

ఆ పెట్టే పట్టుకుని దిగారు ఇద్దరూ. గోధుమరంగు పెట్టె, మూలలకి ఇనప రేకులు. దాన్ని మా ఇనప మెట్ల మీదుగా మామయ్యే పైకి మోశాడు. మోతకి మాత్రం ఆయన్ని మించినవాడు లేడు. మనసు కొట్టుకుపోతున్నా చేతులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

వాళ్ళున్న మూడు రోజుల్లో నాకు ఒక సంగతి అర్థమైంది. అత్త మామయ్య కంటికి ఆనకుండా ఒక్క క్షణం ఉండదు. స్నానానికెళ్ళినా తలుపు ఓరగా వేసుకుని లోపల్నుంచి పాట పాడుతూనే ఉంటుంది. ఎందుకంత అవస్థ అత్తా అంటే, "మధ్యాహ్నం కునుకు తీసి లేచినప్పుడు నన్ను చూస్తాడే. ఒక్కోసారి కాసేపు పడుతోంది. ముందు మర్యాదగా నవ్వుతాడు, తర్వాత గుర్తొస్తాను. పూటంతా నేను కనబడకపోతే ఏమవుతుందో నాకు భయం," అంది. వంటగదిలోకెళ్ళి ఊరికే కుళాయి తిప్పి నిలబడ్డాను.

ఒకటో తారీకు పొద్దున్న కొండ మీది సెయింట్ జోసెఫ్ గుడికి బయల్దేరాం. మొక్కుకున్నవాళ్ళు మోకాళ్ళ మీద ఎక్కే ఆ గుడి నడిమి వరస మెట్లు తనూ అలాగే ఎక్కుతానని అత్త పంతం. డెబ్భై నాలుగేళ్ళ మోకాళ్ళు! నీ ఇష్టం అన్నాను. మామయ్యని మా ఇంటి కింది మెట్టు మీద కూర్చోబెట్టి, "కదలకేం," అని చెప్పి, ఆయన కోటు మర్చిపోయానని అత్త పైకొచ్చింది. కోటు నేను ఉతికి వెనక బాల్కనీలో ఆరేశాను. అది నాకు గుర్తొచ్చి, తెచ్చి ఇచ్చేసరికి కొంచెం ఆలస్యమైంది. మేం దిగేసరికి మెట్టు ఖాళీగా ఉంది.

"ఎఫ్రెం!" అని అత్త పిలిచింది. కేకేం కాదు, గదిలోంచి గదిలోకి పిలిచినట్టు పిలిచింది.

వీధిలో ఈ కొసనుంచి ఆ కొసదాకా లారీలే. నా కింద వాటాలో ఉండే రొజేర్ బాల్కనీలో బనీనుతో కూర్చుని, పొద్దున్నే బీరు సీసా తెరిచి ఊరి తమాషా చూస్తున్నాడు. ప్రతి ఏడూ ఆయనకి ఇదే పండగ.

"ఆ పెద్దాయనా?" అన్నాడు తాపీగా. "ఎదురింటివాళ్ళ సోఫా పట్టాడుగా. మలుపు దగ్గర ఇరుక్కుపోతే ఆ కుర్రాడికి అది ఎలా వాల్చాలో తెలిసి చావలేదు. ఈయన గబగబా వెళ్ళి రెండో పక్క పట్టుకుని, ఇట్టే తిప్పి దించేశాడు. భలే మనిషి!"

"ఇప్పుడెక్కడున్నాడు?"

"లారీ ఎక్కి వెళ్ళిపోయాడు కదా."

"వెళ్ళిపోతుంటే చూస్తూ కూర్చున్నావా రొజేర్?"

"నన్నెందుకు తిడతావు తల్లీ? వాళ్ళ చుట్టమేమో అనుకున్నా. అందరిలోకీ ఆయనే బాగా మోశాడు."

అత్త కోటు గుండెలకి అదుముకుని నిలబడిపోయింది. ఆవిడకి అంతా అర్థమైపోయింది, నాకే కాలేదు. ఆ దీవుల్లో ఇల్లు మారడమంటే సామాను మార్చడం కాదు, ఇల్లే లాక్కుపోతారు. కొయ్య ఇళ్ళు కదా, కింద దుంగలేసి ఒక దిబ్బ మీంచి ఇంకో దిబ్బ మీదికి తీసుకుపోతారు. ఆ రోజు వాడలో మగవాడన్నవాడు ఇంట్లో ఉండడు. ఎవరూ పిలవక్కర్లేదు. వెళ్ళి పట్టుకోవాలి, ఇల్లు చేరేదాకా వెంట ఉండాలి, చివర్న వాళ్ళింట్లో తిని రావాలి. మధ్యలో చెయ్యి వదిలేసి వచ్చేవాణ్ణి మనిషి కింద లెక్కెయ్యరు.

"పని అయ్యేదాకా రాడు మిరెయ్," అంది అత్త. "అయ్యాక ఎలా రావాలో తెలీదు."

ఎదురింటికి పరిగెత్తాను. అక్కడ అప్పుడే కొత్తవాళ్ళు వాషింగ్ మెషిన్ ఎక్కిస్తున్నారు. పాతవాళ్ళు ఎక్కడికెళ్ళారని అడిగితే, "మాకేం తెలుసండీ? వంటింట్లో చీమల్ని మాత్రం మాకు వదిలిపోయారు," అని పళ్ళికిలించాడొకడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా వాణ్ణనుకుని ఏం లాభం? ఆ ఎదురింటి జంట హైతీవాళ్ళని తెలుసు. ఆ అమ్మాయి పేరు విడ్లీన్ అని తెలుసు. మూడేళ్ళు రోజూ చెయ్యూపుకున్నాం. ఇంటిపేరేమిటో, ఫోన్ నంబరేమిటో, ఎక్కడికి మారుతున్నారో ఒక్కటీ తెలీదు. ఇంటి ఓనరుకి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. సెలవు రోజు కదా, ఏదో చెరువు పక్కన చేపల గాలం వేసుకుని కూర్చుని ఉంటాడు.

పోలీసులకి ఫోన్ చేశాను. లైన్లో అమ్మాయి గొంతు మంచిదే.

"ఆయన్ని బలవంతంగా తీసుకెళ్ళారా మేడం?"

"లేదు. సోఫా మోశాడు."

"ఎవరి సోఫా?"

"ఎదురింటివాళ్ళది. ఎక్కడికి మారారో తెలీదు."

"లారీ ఎలా ఉంది?"

"అద్దె లారీ. తెల్లది."

"మేడం, ఇవాళ ఊళ్ళో ఉన్నవన్నీ అవే," అంది ఆ అమ్మాయి. ఆ మాట ఎగతాళిగా అనలేదు. బాధపడుతూనే అంది. మావాళ్ళకి చెబుతాను, మీరూ చూస్తూ ఉండండి అంది.

చూశాం. నా కారులో వీధి వీధీ తిరిగాం. ప్రతి వీధిలోనూ మంచాలు మోస్తున్న మనుషులే, ప్రతి లారీ తలుపూ తెరిచే ఉంది. మామయ్యదిలాంటి గళ్ళ చొక్కా కనబడితే చాలు, అత్త "ఆపవే, ఆపవే!" అనేది. ఆపితే ఆయన వేరే ఎవరి నాన్నో అయ్యేవాడు. ఒక చోట దిగి ఒక లారీలోకి తొంగి, "ఎఫ్రెం, నేనే!" అని పిలిచింది. లోపల అట్టపెట్టెల మధ్య సిగరెట్టు కాలుస్తున్న కుర్రాడు ఉలిక్కిపడి, "నేను కాదమ్మా," అన్నాడు. ఇంకొకప్పుడైతే పడీ పడీ నవ్వేదాన్ని. ఊరు నాది, పుట్టి పెరిగిన ఊరు, సందు సందూ తెలుసు. ఆ రోజు దానివల్ల నాకు పూచికపుల్లంత సాయం లేకపోయింది.

మధ్యాహ్నం దాటాక ఒక పార్కు పక్కన కారాపి కూర్చున్నాం. తినడానికి కట్టుకున్నవి ఒళ్ళోనే ఉన్నాయి, ఇద్దరం ముట్టలేదు.

"సముద్రం మీదికెళ్ళి రెండుసార్లు మీ మామయ్య రాత్రికి ఇంటికి రాలేదే," అంది అత్త. "అప్పుడు కూడా నాకింత చేతకానితనం అనిపించలేదు. సముద్రమైతే ఏ వైపు చూసి ఏడవాలో తెలుస్తుంది."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

కాసేపటికి ఏదో గుర్తొచ్చినట్టు, "మీ మామయ్య టోపీ లోపల ఫోన్ నంబరు కుట్టానుగా," అంది.

నేను సీట్లోంచి ఎగిరిపడ్డాను. "ఇప్పుడా చెప్పడం! ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు చూస్తారు, ఫోన్ చేస్తారు! ఏ నంబరు కుట్టావు?"

"ఏ నంబరేంటి? మా ఇంటి నంబరే. ఇంకెవరి నంబరు కుడతాను?"

దీవుల్లో ఇంటి నంబరు. ఇంట్లో ఉండాల్సిన ఇద్దరూ ఇక్కడ. ఒకరు లారీ ఎక్కి పోయారు, ఒకరు నా పక్కన కూర్చున్నారు. ఆ ఖాళీ వంటింట్లో ఫోన్ మోగుతూ ఉంటుంది, పిల్లి తలెత్తి చూస్తూ ఉంటుంది. ఆ బొమ్మ కళ్ళ ముందు కదిలి, నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"అంతలా నవ్వకే," అని కసురుకుంది అత్త. "నీ ఫోనిటివ్వు." దీవుల్లో వాళ్ళ పొరుగింటి జెలియాకి చేసింది. ఆ నంబరు అత్తకి నోటికి వచ్చు. "జెలియా, మా ఇంటికెళ్ళి ఫోన్ పక్కన కూర్చో."

అవతల జెలియా గొంతు కారంతా వినబడింది. "మీ ఇంట్లో ఎందుకూ? మీరు మాంట్రియల్లో కదా ఉన్నారు?"

"అందుకే కూర్చోమంటున్నా! తాళం వెయ్యలేదు, వెళ్ళు. ఎవరు చేసినా ఎక్కణ్ణుంచో అడుగు, వెంటనే ఈ నంబరుకి చెప్పు. మధ్యలో ఊసులు పెట్టుకోకు."

ఇంక చెయ్యడానికేమీ లేదు. ఇంటికొచ్చి బాల్కనీలో కూర్చున్నాం. టోపీ తీస్తేనే కదా లోపల నంబరు కనబడేది. మామయ్య భోజనానికి కూర్చుంటే తప్ప టోపీ తియ్యడు. ఎవరో ఒకరు ఆయనకి అన్నం పెట్టాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. రొజేర్ కింద నుంచి సారీ చెబుతూ ఒక బీరు పైకి పంపించాడు. అది అలాగే వేడెక్కిపోయింది. అత్త నిమిషానికోసారి నా ఫోన్ వంక చూస్తూ, "పొద్దున్నించీ నన్ను చూడలేదు," అని గొణుక్కుంటూనే ఉంది. వద్దత్తా, అలా అనుకోకు అన్నాను. అనుకోకుండా ఎలా ఉంటుంది?

ఎండ వాలుతుంటే ఫోన్ మోగింది. జెలియా.

"దొరికాడు! వెర్దన్లో ఉన్నాడట, నది దగ్గర. విడ్లీన్ అనే పిల్ల చేసింది. పిజ్జా తింటున్నాడట! ఇక్కడ నా ప్రాణం పోతుంటే అక్కడ పిజ్జా!"

అత్త లేచి నిలబడి, కోటు తీసుకుని, నాకంటే ముందు మెట్లు దిగింది. దారి పొడుగునా లారీల వెనక ఆగుతూ ఆగుతూ వెళ్ళాం. అత్త అద్దంలో చూసుకుని జుట్టు సవరించుకుంది. పొద్దున్న ఎలా ఉందో అలాగే కనబడాలని, బుగ్గల మీద చారలు చేతిరుమాలుతో తుడుచుకుంది.

విడ్లీన్ వీధిలోనే ఎదురొచ్చింది. పాపం, ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా, మీ ఇంటి చుట్టమని తెలిస్తే ఇలా తీసుకొచ్చేదాన్నా? మా ఆయన జూడ్ ఏమో మా తమ్ముడు తీసుకొచ్చిన మనిషనుకున్నాడు. మా తమ్ముడేమో ఓనరు వాళ్ళ నాన్న అనుకున్నాడు. ఇవాళ సోఫాకి రెండో పక్క పట్టుకున్నవాణ్ణి నువ్వెవరని ఎవరడుగుతారు చెప్పండి? అందరికంటే ఎక్కువ మోశారు. తిన్నాక, 'తాతగారూ, మిమ్మల్ని ఎక్కడ దింపమంటారు' అని అడిగాను. 'ఎక్కడికమ్మా, మా ఇల్లు ఇదే కదా' అన్నారు. అప్పుడు భయమేసి టోపీ చూశాను. గంట నుంచి ఆ నంబరుకి చేస్తూనే ఉన్నా. ఎప్పుడు చేసినా ఎంగేజే!"

జెలియా ఊసులు పెట్టుకోకుండా ఉంటుందా! దాని సంగతి తర్వాత చూసుకోవచ్చనుకున్నాను.

వంటగది వెనకవైపు ఉంది. అట్టపెట్టెల మధ్య దారి చేసుకుని వెళ్ళాం. మామయ్య చొక్కా చేతులు మడుచుకుని, కాగితాల్లో చుట్టిన కప్పులు ఒక్కోటే విప్పి, తుడిచి అరలో పెడుతున్నాడు. కులాసాగా, ఆరోగ్యంగా ఉన్నాడు. దెబ్బేం తగల్లేదు. నా ఒళ్ళంతా తేలికైపోయింది. హమ్మయ్య అని పైకే అనేశాను.

అత్త గుమ్మంలోనే ఆగింది. మామయ్య తిరిగి చూశాడు. మర్యాదగా నవ్వాడు.

అత్త కూడా నవ్వింది. ఆగింది. ఆ నవ్వు తర్వాత గుర్తు రావాలి కదా, దానికోసం ఆగింది.

"రండమ్మా," అన్నాడు మామయ్య. "కింద సామానుంది, చూసుకుని నడవండి."

యాభై ఏళ్ళుగా 'ఏమే' అని తప్ప పిలవని మనిషి.

"ఎఫ్రెం," అంది అత్త. "నేనే."

"మా ఆవిడ ఇంకా రాలేదండీ. ఆవిడ కోసమేనా?" అన్నాడు. విడ్లీన్ నా వెనక నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మామయ్య ఒక అడుగు ముందుకొచ్చి గొంతు తగ్గించాడు. "కనబడితే ఆవిడకి చెప్పకండి. ఈ ఊళ్ళో కాపురం పెడదామని ఎప్పట్నుంచో పోరుతోంది. నేనే మూర్ఖంగా వద్దన్నాను. ఇప్పుడు చూడండి." కిటికీ తెర పక్కకి లాగాడు. రెండు ఇళ్ళ మధ్యనుంచి నది కొంచెం కనబడుతోంది. "ఉప్పు లేదనుకోండి. అయినా నీళ్ళు నీళ్ళే కదా. నచ్చుతుందంటారా?"

"నచ్చుతుంది," అంది అత్త. "ఎందుకు నచ్చదు?"

"పెట్టె సర్దుకునే కూర్చుంది. కబురు పంపాలి."

"పంపుదువుగానిలే."

నేను కారు తాళాలు చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఏం చెయ్యాలి? భుజం పట్టుకుని కుదిపి, ఇదిగో మామయ్యా, నీ అల్వీనా ఈవిడే, చూడు అని అరవాలనిపించింది. అత్త నా వంక చూడకుండానే చేత్తో వద్దని సైగ చేసింది.

"కాసేపు కూర్చోవచ్చా?" అని అడిగింది మామయ్యని. "ఆవిడ వచ్చేదాకా?"

"అయ్యో, కూర్చోండి, కూర్చోండి."

అత్త కిటికీ పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. కోటు ఒళ్ళో పెట్టుకుంది. మామయ్య ఇంకో కప్పు చేతిలోకి తీసుకున్నాడు, విప్పబోయి ఆగాడు. ఎలా చెప్పాలో తెలీక మొహమాటపడ్డాడు.

"ఏమనుకోకండి," అన్నాడు. "ఆ కుర్చీ మా ఆవిడ కోసం ఉంచానండీ."

అత్త లేచి పక్క కుర్చీలోకి మారింది.